పాత భవనాన్ని భూకంపానికి సిద్ధం చేయడమంటే ఏమిటి?

ఎక్కడో పెద్ద భూకంపం వస్తుంది. ఒక స్లాబు మీద ఇంకో స్లాబు పరుచుకుపోయిన అపార్ట్‌మెంట్ల ఫొటోలు ఫోన్లలో తిరుగుతాయి. వెంటనే రెండు ప్రశ్నలు మొదలవుతాయి. మొదటిది: "మా బిల్డింగు ఎంత మాగ్నిట్యూడ్ వరకు తట్టుకుంటుంది?" రెండోది: "పాతదైతే మాత్రం ఏముంది, పిల్లర్లు లావు చేయిస్తే సరిపోదా?"

మొదటి ప్రశ్నకు స్ట్రక్చరల్ ఇంజినీర్లు సూటిగా జవాబు చెప్పరు. అందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. రెండోదానికి జవాబు ఉంది గానీ వినడానికి చికాకుగా ఉంటుంది: ఒక్కోసారి సరిపోతుంది, ఒక్కోసారి సరిపోదు, ఒక్కోసారి ఉన్నదానికన్నా ప్రమాదం పెరుగుతుంది. ఆ మూడో మాట దగ్గరే అసలు కిటుకంతా ఉంది. అక్కడికి చేరాలంటే నేల నుంచి మొదలుపెట్టాలి.

## మాగ్నిట్యూడ్ ఒకటే, ఊపు చోటుకొక తీరు

భూమి లోపల రాతిపొర జారినప్పుడు ఎంత శక్తి విడుదలైందో చెప్పే కొలత మాగ్నిట్యూడ్. భూకంపం మొత్తానికి ఒకే అంకె. అది ఒకటి పెరిగితే, అంటే 6 నుంచి 7కి వెళితే, అలల ఎత్తు పది రెట్లు, శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతాయి. కానీ భవనానికి ఆ అంకెతో పని లేదు. దాని పునాది కింద నేల ఎంత గట్టిగా, ఎంతసేపు, ఏ లయలో ఊగిందన్నదే దానికి లెక్క.

2011 ఫిబ్రవరిలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌ను కుదిపేసిన భూకంపం మాగ్నిట్యూడ్ 6.2 మాత్రమే. అయితే లోతు తక్కువ, పైగా ఊరిని ఆనుకుని వచ్చింది. 185 మంది చనిపోయారు. 1985 సెప్టెంబర్‌లో మెక్సికో సిటీలో జరిగింది దీనికి పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం. 8.0 భూకంపం పుట్టింది పసిఫిక్ తీరంలో, నగరానికి దాదాపు 350 కిలోమీటర్ల అవతల. అంత దూరం వచ్చేసరికి నీరసించాల్సిన అలలు, ఎండిన పాత సరస్సు మీద కట్టిన నగర భాగంలోకి రాగానే మళ్లీ బలం పుంజుకున్నాయి. అక్కడి మెత్తటి బంకమట్టి సుమారు రెండు సెకన్లకు ఒక ఊపు చొప్పున ఊగింది.

ప్రతి భవనానికీ తనదైన ఊగే కాలం ఉంటుంది. మోటు లెక్కలో అంతస్తుకు 0.1 సెకను. మూడంతస్తులకు 0.3, పదంతస్తులకు 1, ఇరవై అంతస్తులకు 2 సెకన్లు. నేల లయా భవనం లయా దగ్గరపడితే ఊపు మీద ఊపు చేరుతుంది. మెక్సికో సిటీలో ఎక్కువగా దెబ్బతిన్నవి ఆరు నుంచి పదిహేను అంతస్తుల భవనాలు. పగుళ్లు పడేకొద్దీ అవి మెత్తబడ్డాయి, ఊగే కాలం పెరిగింది, నేల లయకు ఇంకా దగ్గరయ్యాయి. అదే నగరంలో పొట్టి పాత కట్టడాలు చాలావరకు నిలిచాయి. "ఎంత మాగ్నిట్యూడ్ తట్టుకుంటుంది" అన్న ప్రశ్నకు జవాబు ఎందుకు కుదరదో ఇక్కడే తెలిసిపోతుంది.

## బరువు అడ్డంగా లాగితే

భూకంపంలో భవనాన్ని బయటి నుంచి నెట్టేది ఏదీ లేదు. పునాది కదులుతుంది, పైనున్న బరువు కదలనని మొరాయిస్తుంది. ఆగి ఉన్న బస్సు ఉన్నట్టుండి కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలడం లాంటిదే. కాబట్టి భవనం మీద పడే బలం దాని బరువును బట్టే ఉంటుంది.

మూడంతస్తుల భవనం, ఒక్కో అంతస్తు 100 టన్నులు అనుకుందాం. భవనానికి తగిలే త్వరణం గురుత్వ త్వరణంలో ఐదో వంతు, అంటే 0.2 జి. మొత్తం 300 టన్నుల్లో ఐదో వంతు 60 టన్నులు. అంత బలం గ్రౌండ్ ఫ్లోర్ పిల్లర్లను అడ్డంగా లాగుతుంది, సెకనులో కొంత భాగం ఇటు, మరికొంత భాగం అటు. తర్వాతెప్పుడో పైన ఇంకో అంతస్తు వేశారనుకోండి, అది 80 టన్నులవుతుంది. పిల్లర్లు మాత్రం పాతవే.

"నలభై ఏళ్లుగా చెక్కుచెదరలేదు" అనే వాదన ఇక్కడే తేలిపోతుంది. కిందికి దిగే బరువుకు భవనం రోజూ పరీక్ష రాస్తూనే ఉంది, పాసవుతూనే ఉంది. అడ్డంగా వచ్చే బలానికి ఈ నలభై ఏళ్లలో ఒక్క పరీక్ష కూడా జరిగి ఉండకపోవచ్చు.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. కొత్త భవనాలను కూడా పెద్ద భూకంపపు పూర్తి బలానికి డిజైన్ చేయరు. రావచ్చనుకున్న బలంలో ఐదో వంతుకో, ఎనిమిదో వంతుకో చేస్తారు. మిగతాదాన్ని సాగే గుణానికి వదిలేస్తారు. ఇంజినీర్లు దీన్ని డక్టిలిటీ అంటారు: లోపలి ఉక్కు వంగుతుంది, సాగుతుంది, కాంక్రీటు పగులుతుంది, అయినా స్లాబు మీద పడకుండా ఫ్రేము బరువు మోస్తూనే ఉంటుంది. భవనం పాడవుతుంది, మనుషులు బయటికొస్తారు. ఒప్పందం అదీ. పాత కాంక్రీటు భవనాల చిక్కేమిటంటే వాటికి బలమూ తక్కువే, సాగే గుణం దాదాపు శూన్యం.

## ఇనుప రింగుల దగ్గర ఉన్న రహస్యం

1971 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని శాన్ ఫెర్నాండో భూకంపం ఇంజినీర్ల కళ్లు తెరిపించింది. ఆలివ్ వ్యూ ఆసుపత్రి అప్పటికి కొత్తగా తెరిచిన కాంక్రీటు భవనం. కింది అంతస్తు పిల్లర్లు నలిగిపోయి భవనమంతా ఓ పక్కకి ఒరిగింది, మెట్ల గదులు విడిపోయి పడిపోయాయి. దాంతో అక్కడ కాంక్రీటు నియమాలు 1970ల నడుమ మారాయి. జపాన్‌లో 1981లో మారాయి. అందుకే ఈ చర్చలో "పాత" అంటే వయసు ఎక్కువని అర్థం చేసుకోకూడదు. ఆ నియమాలకు ముందు కట్టినదని అర్థం. 1930 నాటి తేలికైన చెక్క ఇల్లు కన్నా 1965 నాటి కాంక్రీటు భవనం ఎక్కువ ప్రమాదకరం కావచ్చు.

మారిందేమిటో చూడాలంటే పిల్లరు లోపలికి వెళ్లాలి. నిలువు రాడ్ల చుట్టూ అక్కడక్కడా ఇనుప రింగులు కడతారు. పాత పద్ధతిలో ఆ రింగులు 25, 30 సెంటీమీటర్లకు ఒకటి, కొస 90 డిగ్రీలకు మడిచి వదిలేసేవారు. పిల్లరు అటూ ఇటూ ఊగినప్పుడు మొదట పైపొర కాంక్రీటు రాలిపోతుంది. రింగు కొసను పట్టి ఉంచింది ఆ పైపొరే కాబట్టి, అది రాలగానే కొస తెరుచుకుంటుంది. రింగు ఊడితే నిలువు రాడ్లు బయటికి ఉబ్బుతాయి, మధ్యలోని కాంక్రీటు ముక్కలై జారిపోతుంది. అక్కడితో పిల్లరు పొట్టిదైపోతుంది, పై అంతస్తు కిందికి దిగుతుంది. కొత్త పద్ధతిలో పిల్లరుకు పైనా కిందా, బీముతో కలిసే చోట, రింగులు సుమారు 10 సెంటీమీటర్లకు ఒకటి వస్తాయి. కొసను 135 డిగ్రీలు మడిచి మధ్యలోని కాంక్రీటులోకి గుచ్చుతారు. పైపొర రాలినా రింగు విడవదు. ఇనుము ఖర్చు కొంచెమే పెరుగుతుంది. పాత భవనంలో దీన్ని సరిచేయాలంటే మాత్రం పిల్లరు చుట్టూ బయటి నుంచి పని చేయాలి.

ఇంకో లోపం పొట్టి పిల్లరు. ఒకే అంతస్తులో ఒకే సైజు పిల్లర్లు నాలుగున్నాయి, ఎత్తు 3 మీటర్లు. నాలుగోదానికి కిటికీ కింద సగం ఎత్తు గోడ గట్టిగా ఆనించి కట్టారు. దానికి వంగే వీలున్నది మిగిలిన 1.5 మీటర్లలోనే. పిల్లరు బిగువు, అంటే వంగకుండా మొరాయించే గుణం, ఎత్తు ఘనానికి విలోమంగా ఉంటుంది, అంటే సగం ఎత్తుంటే ఎనిమిది రెట్లు బిగువు. మూడు మామూలు పిల్లర్లకు ఒక్కో వాటా, నాలుగోదానికి ఎనిమిది వాటాలు, మొత్తం పదకొండు. పావు వంతు మోయాల్సిన ఆ ఒక్క పిల్లరు 73 శాతం బలాన్ని తన మీదికి తెచ్చుకుంటుంది. ఏటవాలు పగుళ్లతో ముందు తెగేది అదే. బడుల్లో, ఆఫీసుల్లో వరస కిటికీల కింద కనిపించే అందమైన గోడ ఇంత పని చేస్తుందని చూస్తే అనిపించదు.

మూడోది కింద ఖాళీ అంతస్తు: పార్కింగ్ కోసమో దుకాణాల కోసమో గోడలు లేకుండా వదిలేసింది. నాలుగంతస్తుల భవనం పైకప్పు 8 సెంటీమీటర్లు జరిగిందనుకోండి. అన్ని అంతస్తులూ సమానంగా పంచుకుంటే ఒక్కోటి 2 సెంటీమీటర్లు; 3 మీటర్ల ఎత్తులో అది ఒక శాతం కూడా కాదు. పైన ఇటుక గోడల వల్ల మూడంతస్తులూ బిగిసి ఉంటే మొత్తం 8 సెంటీమీటర్లూ కిందే పడతాయి, 2.7 శాతం. పాత రింగులున్న పిల్లరు అంత వంపును ఓర్చుకోదు. 1994 జనవరిలో కాలిఫోర్నియాలోని నార్త్‌రిడ్జ్ భూకంపంలో నార్త్‌రిడ్జ్ మెడోస్ అపార్ట్‌మెంట్ల కింది అంతస్తు ఇలాగే నలిగి 16 మంది చనిపోయారు. అది చెక్క కట్టడం. 2001 భుజ్ భూకంపంలో కేంద్రానికి చాలా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లు కాంక్రీటువి. సామగ్రి వేరు, తప్పు ఒకటే.

రాతి, ఇటుక గోడల కట్టడాల జబ్బు ఇంకో రకం. అక్కడ గోడకూ గోడకూ, గోడకూ పైకప్పుకూ పొత్తు ఉండదు. 1993 లాతూర్ భూకంపంలో వేలమందిని పొట్టన పెట్టుకున్నవి మట్టి అడుసుతో కట్టిన మందపాటి రాతి గోడలే. లోపలి వరసకూ బయటి వరసకూ మధ్య అటూ ఇటూ పట్టే పొడవు రాళ్లు లేక గోడ రెండు పొరలుగా చీలి, పైకప్పు బరువుతో సహా ఇంట్లో కూలింది. గోడ మందం ఎక్కువైతే భద్రం అనుకోవడం సహజం. ఇక్కడ ఆ మందమే బరువైంది.

## గట్టిపరిచే దారులు

దేనికైనా ముందు పరీక్ష. వీధిలో నిలబడి చూసే పరిశీలనతో మొదలవుతుంది: ఎప్పుడు కట్టారు, కింద ఖాళీ ఉందా, ఆకారం మెలికలుగా ఉందా. అనుమానం వస్తే డ్రాయింగులు, కాంక్రీటులోంచి చిన్న గుండ్రటి ముక్క తీసి పరీక్షించే కోర్ కటింగ్, రాడ్లను వెతికే పరికరం, ఆపైన కంప్యూటర్ లెక్కలు. డ్రాయింగులు దొరకని పాత భవనంలో సగం శ్రమ లోపల ఇనుము ఎంతుందో తెలుసుకోవడానికే పోతుంది.

ఇటుక, రాతి కట్టడాల్లో చవకగా ఎక్కువ మేలు చేసేది కట్టివేయడం: గోడలను అంతస్తులకూ పైకప్పుకూ ఉక్కు బోల్టులతో బిగించడం, పిట్టగోడలకు వెనకనుంచి ఊతం పెట్టడం, రాతి గోడ పొరలను కలుపుతూ మధ్యమధ్య కాంక్రీటు పట్టీలు వేయడం. లాస్ ఏంజెలెస్ 1949లోనే పిట్టగోడల మీద నియమం తెచ్చింది. ఇలాంటి పని పెద్ద ఘనకార్యంలా కనిపించదు. కానీ క్రైస్ట్‌చర్చ్‌లో వీధిలో నడుస్తున్నవాళ్ల మీద, బస్సులో కూర్చున్నవాళ్ల మీద పడ్డవి ఈ గోడలే. 2015 ఏప్రిల్‌లో నేపాల్‌లో భూకంపం వచ్చింది శనివారం, బడులు ఖాళీ. వేల తరగతి గదులు కూలాయి, ముందే గట్టిపరచిన బడులు నిలిచాయి.

కాంక్రీటు పిల్లర్లకు అందరికీ తెలిసింది జాకెటింగ్. పాత పిల్లరు పైపొరను గరుకుగా చెక్కి, చుట్టూ కొత్త రాడ్లూ దగ్గర దగ్గర రింగులూ కట్టి, సుమారు 10 సెంటీమీటర్ల కాంక్రీటు పోస్తారు. బలం, బిగువు, సాగే గుణం మూడూ పెరుగుతాయి. అయితే కొత్త రాడ్లు స్లాబును దాటి పై అంతస్తు పిల్లరులోకో, కింద పునాదిలోకో వెళ్లాలి. రెండు స్లాబుల మధ్య ఆగిపోతే అది తొడుగే, సరైన జాకెట్ కాదు. ఇంకో మార్గం కార్బన్ ఫైబర్ గుడ్డను జిగురుతో చుట్టడం. పిల్లరు లావెక్కదు, బిగువు పెద్దగా పెరగదు, రింగులు చేయాల్సిన పనిని బయటి నుంచి ఆ చుట్టు చేస్తుంది. ఎక్కడ ఏది కావాలన్నది లోపాన్ని బట్టి ఉంటుంది.

పిల్లర్లు మరీ ఎక్కువైనప్పుడు ఒక్కోదాన్నీ ముట్టుకోకుండా కొన్నిచోట్ల కొత్త కాంక్రీటు గోడలు గానీ, ఉక్కు బ్రేసింగులు (ఏటవాలు ఊతాలు) గానీ పెట్టి అడ్డం బలాన్ని వాటికి అప్పగిస్తారు. పాత పిల్లర్లు బరువు మోస్తే చాలు. దీనికి పునాది ఖర్చు దాగి ఉంటుంది: బలమంతా ఆ గోడ అడుగున దిగుతుంది.

అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది బేస్ ఐసొలేషన్. పునాదికీ భవనానికీ మధ్య రబ్బరు, ఉక్కు పొరల బేరింగులు పెడతారు. పైభాగం ఊగే కాలం రెండు, మూడు సెకన్లకు పెరిగి, నేల ఊపు పైకి పూర్తిగా ఎక్కదు. పాత భవనానికి దీన్ని అమర్చడమంటే దాన్ని కింద కోసి, బరువును జాక్‌ల మీద పట్టి, బేరింగులను లోపలికి దూర్చడం. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ అండ్ కౌంటీ భవనానికి 1989 నాటికి ఇది చేశారు; శాన్ ఫ్రాన్సిస్కో సిటీ హాల్ కింద 500కు పైగా బేరింగులున్నాయి. చుట్టూ భవనం జరగడానికి ఖాళీ కందకం వదలాలి. ఆ కందకంలో తర్వాత ఎవరో గోడ కట్టేస్తే పెట్టిన ఖర్చంతా వృథా. మెత్తటి నేలల మీద, మెక్సికో సిటీ లాంటి చోట, ఊగే కాలం పెంచడం అసలుకే ఎసరు తేవచ్చు.

## బలం పెంచి ప్రమాదం కొనుక్కోవడం

1989లో కాలిఫోర్నియాలో వచ్చిన లోమా ప్రియేటా భూకంపంలో ఓక్‌లాండ్‌లోని సైప్రస్ వయాడక్ట్ అనే రెండంతస్తుల ఫ్లైఓవర్ కూలి 42 మంది చనిపోయారు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదని అనడానికి లేదు. 1971 పాఠం తర్వాత, 1970లలో, దాని డెక్కు (వాహనాలు నడిచే పలక) జాయింట్లకు ఉక్కు కేబుళ్లు బిగించారు. డెక్కు ముక్కలు విడిపోయి పడకుండా ఆ ఏర్పాటు. పిల్లర్లూ, వాటి కీళ్లూ మాత్రం పాతవే. భూకంపం వచ్చినప్పుడు తెగింది అక్కడే, అదీ మెత్తటి బురద నేల మీదున్న భాగంలో. బలహీనమైన చోటు ఒకటి సరిచేస్తే తర్వాతి బలహీనత బయటపడుతుంది. దాన్ని ముందే లెక్కలో పట్టుకోకపోతే చేసిన పనికి ఫలం తక్కువ.

బిగువు పెంచినా ఇదే తంటా. ఊగే కాలం 1 సెకను ఉన్న భవనానికి గోడలు వేసి 0.5కి తెచ్చామనుకోండి. ఆ శ్రేణిలో బలం ఊగే కాలానికి విలోమంగా మారుతుంది కాబట్టి భవనం మీద పడేది రెట్టింపవుతుంది. కొత్త గోడలు దాన్ని మోసేలా ఉంటే సరే. పునాది, స్లాబు, గోడకూ స్లాబుకూ మధ్య అతుకు కూడా మోయాలిగా? గోడలన్నీ ఒక మూలే వేస్తే భవనం మెలితిరుగుతుంది. గ్రౌండ్ ఫ్లోర్ పిల్లర్లకు మాత్రమే జాకెట్లు వేసి ఊరుకుంటే ఖాళీ అంతస్తు జబ్బు ఒక మెట్టు పైకెక్కవచ్చు. "పిల్లర్లు లావు చేయిస్తే సరిపోదా" అన్నదానికి ఇదీ పూర్తి జవాబు. నా మట్టుకు, ఒక రెట్రోఫిట్ (పాత భవనాన్ని గట్టిపరిచే) డిజైన్ చూసి మొదట అడగాల్సింది ఎంత బలం చేర్చారని కాదు. భవనం ఇప్పుడు ఎక్కడ ముందు విరుగుతుంది, అక్కడ విరిగితే ఏమవుతుంది అని.

## "సేఫ్" అంటే ఎంత సేఫ్?

ఇంజినీర్లు దీన్ని మెట్లుగా విడగొడతారు. కూలకుండా ఉంటే చాలు. ప్రాణాలు దక్కాలి, కాస్త మార్జిన్‌తో. భూకంపమైన వెంటనే లోపలికి వెళ్లి పనిచేసుకోగలగాలి. ఇంటికి రెండోది చాలు. ఆసుపత్రికి మూడోది కావాలి. ఈ తేడాను ఆలివ్ వ్యూ ఆసుపత్రే మళ్లీ చూపించింది. కూల్చేసి ఉక్కు గోడలతో చాలా బలంగా కొత్తది కట్టారు. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపంలో ఆవరణలోని నేల మీద 0.9 జి, పైకప్పు దగ్గర 2.3 జి నమోదైనా కట్టడం నిలబడింది. కానీ పైపులు పగిలి, నీళ్లు నిండి రోగులను ఖాళీ చేయించాల్సి వచ్చింది. అదే భూకంపంలో, అక్కడికి దూరంగా లాస్ ఏంజెలెస్‌లో ఉన్న యూఎస్‌సీ ఆసుపత్రి బేరింగుల మీద ఉంది: చుట్టుపక్కల నేల 0.49 జి, పైకప్పు 0.21 జి, పని ఆగలేదు. రెండు చోట్లా ఊపు ఒకటి కాదు కాబట్టి నేరుగా పోల్చకూడదు. అయినా ఒకదాంట్లో ఊపు పైకెళ్లేకొద్దీ రెండున్నర రెట్లయింది, ఇంకోదాంట్లో సగానికన్నా తగ్గింది.

## పాతవాటికి కొత్త కొలత పెట్టాలా?

వాదనలు వేడెక్కేది ఇక్కడ. కొత్త భవనాలకు చాలా దేశాల్లో "475 ఏళ్ల భూకంపం" కొలత. అంటే 475 ఏళ్లకోసారి గడియారం పెట్టుకుని వస్తుందని కాదు. ఏ ఏడాదిలోనైనా 475లో ఒక వంతు అవకాశం, 50 ఏళ్లలో సుమారు 10 శాతం. పాత భవనం ఇంకో 20 ఏళ్లే ఉంటుందంటే ఆ అవకాశం 4 శాతానికి తగ్గుతుంది. కాబట్టి పాతవాటికి కొంత తక్కువ కొలత చాలని ఒక పక్షం. పూర్తి కొలత పెడితే ఖర్చుకు జడిసి ఎవరూ ఏదీ చేయించరు, పది భవనాల్లో ప్రాణాపాయం తప్పించగల డబ్బు ఒక్కదానికే పోతుందని వాళ్ల వాదన. రెండో పక్షం అనేది: 20 ఏళ్లని చెప్పినవి 50 ఏళ్లు నిలుస్తాయి, పైగా లోపలున్న మనిషికి తన భవనం ఏ కొలతలో పాసైందో తెలియదు. రెండిట్లోనూ నిజముంది. నాకు మొదటిదే కాస్త మొగ్గుగా అనిపిస్తుంది గానీ, ఆసుపత్రులకూ బడులకూ దాన్ని వర్తింపజేయను.

న్యూజిలాండ్ ఈ కొలతను శాతంగా చెప్పింది: కొత్త భవనపు కనీస ప్రమాణంలో 34 శాతానికి తగ్గితే "భూకంప ప్రమాదమున్న" భవనం. ఆ అంకెను జనం రకరకాలుగా చదివారు. 30 శాతం వస్తే కూలే అవకాశం 70 శాతమని దాని భావం కాదు. ప్రాణాపాయం తేగల భాగాల్లో అన్నిటికన్నా బలహీనమైనదాని మార్కు అది. ఒక్క పిట్టగోడ వల్ల భవనమంతా ఆ అంకె మోయవచ్చు, ఆ గోడ సరిచేస్తే అంకె గబుక్కున ఎగబాకవచ్చు.

ఖర్చు ఎవరిదన్నది ఇంకో పేచీ. యజమాని తన ఆస్తిని బాగుచేసుకుంటున్నాడు కాబట్టి తనే పెట్టుకోవాలని ఒక మాట. కట్టినప్పుడు చట్టం ఒప్పుకున్నదాన్ని ఇప్పుడు తప్పంటే ప్రభుత్వమూ భరించాలని ఇంకో మాట. లాస్ ఏంజెలెస్ 2015లో కింద ఖాళీగా ఉన్న చెక్క అపార్ట్‌మెంట్లకు, సుమారు 13,000 భవనాలకు, ఏడేళ్ల గడువు పెట్టింది. అద్దె నియంత్రణ ఉన్నచోట ఖర్చును యజమానికీ అద్దెదారులకూ చెరి సగం చేసింది. 1977కు ముందు నాటి కాంక్రీటు భవనాలకు మాత్రం, అవి ఇంకా ప్రమాదకరమని తెలిసినా, పని అంత పెద్దది కాబట్టి 25 ఏళ్లు ఇచ్చింది. ఆ గడువు ఇంకా నడుస్తోంది.